సముద్ర శైవలాలలో నత్రజని స్థాపక సహజీవనం

సముద్ర శైవలాలలో నత్రజని స్థాపక సహజీవనం అనగా సముద్రజలంలో తేలియాడే ఏకకణ శైవలాలు, నత్రజనిని స్థాపించగల బాక్టీరియాలు ఒకదానిపై మరొకటి ఆధారపడి జీవించటం. శైవలం కిరణజన్య సంయోగక్రియ ద్వారా తయారుచేసుకున్న కర్బన పదార్థంలో కొంత బాక్టీరియాకు ఇస్తుంది. బదులుగా బాక్టీరియా తాను స్థాపించిన నత్రజనిని శైవలానికి అందిస్తుంది. ఇటువంటి జంటలలో మిక్కిలి ప్రసిద్ధమైనది బ్రారుడోస్ఫేరా బిగెలోవై అనే శైవలం, యు.సి.వై.ఎన్.-ఎ అనే సయనోబాక్టీరియాల జంట. ఈ బాక్టీరియా స్వతంత్ర జీవి కాదనీ, శైవలకణంలో ఒక కణాంగంగా మారిపోయిందనీ 2024లో శాస్త్రజ్ఞులు ప్రకటించారు. ఆ కణాంగానికి నైట్రోప్లాస్ట్ అని పేరు పెట్టారు. హరితరేణువు అన్న మాటను అనుసరించి దీనిని తెలుగులో నత్రరేణువు అనవచ్చును.

నేపథ్యం

గాలిలో సుమారు 78 శాతం నత్రజనియే. అయినను మొక్కలు, జంతువులు దానిని నేరుగా వాడుకొనలేవు. నత్రజని అణువులోని రెండు పరమాణువుల మధ్య మూడు బంధాలు ఉంటాయి. వాటిని తెంచి అమ్మోనియాగా మార్చటానికి నైట్రోజినేజ్ అనే ఎంజైము కావాలి. అది కొన్ని బాక్టీరియాలలోను, ఆర్కియాలలోను మాత్రమే ఉంటుంది. పైగా ఈ ఎంజైముకు ఆమ్లజని సోకితే చెడిపోతుంది. ఒక్కొక్క నత్రజని అణువుకు 16 ఎ.టి.పి. అణువులు ఖర్చవుతాయి. ఇది చాలా ఖరీదైన పని.

వేరుశనగ, కంది, జీలుగ మొక్కలను పెరికి చూస్తే వేళ్ళకు చిన్న చిన్న బుడిపెలు కనిపిస్తాయి. వాటిలోని రైజోబియం బాక్టీరియా చేసేది ఈ పనియే. వరిమళ్ళలో పచ్చిరొట్టగా వాడే అజొల్లా ఆకులలో అనబీనా అనే సయనోబాక్టీరియా ఇదే పని చేస్తుంది. నేలమీది ఈ సంగతులు బడిపిల్లలకు కూడా తెలుసు. సముద్రం సంగతి చాలాకాలం సరిగా తెలియలేదు. ఉష్ణమండల మహాసముద్రాల పైపొరలలో నత్రజని లవణాలు దాదాపు శూన్యం. ఆ నీటి స్వచ్ఛమైన నీలిరంగుకు కారణం అందులో జీవజాలం పలుచగా ఉండటమే. అంతటి కరవులో నత్రజనిని స్థాపించేది ముఖ్యంగా ట్రైకోడెస్మియం అనే పోగులవంటి సయనోబాక్టీరియా అని భావించేవారు.

ఆవిష్కరణ

1998లో అమెరికా శాస్త్రజ్ఞుడు జొనాథన్ జెర్, ఆయన సహచరులు సముద్రజలం నుండి డి.ఎన్.ఎ.ను వేరుచేసి, అందులో నైట్రోజినేజ్ జన్యువు కోసం వెదికారు. పసిఫిక్ మహాసముద్రంలో హవాయి దీవుల సమీపాన సేకరించిన నీటిలో అంతవరకు ఎవరికీ తెలియని జన్యువు ఒకటి దొరికింది. జన్యువు దొరికినది గాని జీవి దొరకలేదు. ప్రయోగశాలలో పెంచుదామంటే పెరగలేదు. చిరునామా లేని ఉత్తరం వంటిది ఆ జన్యువు.

2008లో ఈ కణాలను సముద్రజలం నుండి వేరుచేసి పరీక్షించగా ఒక వింత బయటపడింది. సయనోబాక్టీరియాలన్నిటికీ గుర్తువంటిది నీటిని చీల్చి ఆమ్లజనిని విడుదల చేసే రెండవ కాంతివ్యవస్థ. ఈ జీవిలో దాని జన్యువులే లేవు. 2010లో పూర్తి జన్యుపటం వెలువడింది. అందులో ఉన్నవి 14.4 లక్షల క్షారజంటలు మాత్రమే. కర్బనాన్ని స్థాపించే రుబిస్కో ఎంజైము లేదు. క్రెబ్స్ వలయం లేదు. నత్రజని స్థాపనకు కావలసిన జన్యువులు మాత్రం పూర్తిగా ఉన్నాయి. దీనికి పెట్టిన శాస్త్రీయనామం అటెలోసయనోబాక్టీరియం థలస్సా. అటెలో అనగా అసంపూర్ణం, థలస్సా అనగా సముద్రం. రెండూ గ్రీకు మాటలే.

లోపంగా కనిపించే ఈ వెలితిలో ఒక సౌకర్యం ఉన్నది. తాను ఆమ్లజనిని పుట్టించదు గనుక నైట్రోజినేజ్‌కు తనవల్ల హాని లేదు. దీని దగ్గరి చుట్టాలైన ఏకకణ సయనోబాక్టీరియాలు పగలు కిరణజన్య సంయోగక్రియ జరిపి, రాత్రివేళ నత్రజనిని స్థాపిస్తాయి. ఇది పగటిపూటనే స్థాపిస్తుంది. మొదటి కాంతివ్యవస్థ మాత్రం మిగిలి ఉన్నందున ఎండ నుండి కొంత శక్తిని పొందగలదు.

తన ఆహారం తాను చేసుకొనలేని జీవికి పెట్టేవారెవరో ఉండి తీరాలి. ఆ ఆతిథేయి ఒక ఏకకణ శైవలమని 2012లో తేలింది. నీటిని వడపోసి కణాలను వేరుచేసేటప్పుడు ఈ జంట విడిపోతూ ఉండటం వలన అంతవరకు శైవలం కంటబడలేదు. కర్బనం శైవలం నుండి బాక్టీరియాకు, నత్రజని బాక్టీరియా నుండి శైవలానికి ప్రవహిస్తున్నట్లు ఐసోటోపుల సాయంతో రుజువు చేశారు.

ఆతిథేయి

బ్రారుడోస్ఫేరా బిగెలోవై కొన్ని మైక్రాన్ల పరిమాణం గల శైవలం. జీవితచక్రంలో ఒక దశలో దీనిచుట్టూ 12 పంచభుజాకారపు కాల్సైట్ పలకలు అమరి, జ్యామితిలోని ద్వాదశముఖిని పోలిన కవచం ఏర్పడుతుంది. ఆ పలకల శిలాజాలు సుమారు 10 కోట్ల సంవత్సరాల నాటి పొరలలో కూడా లభించాయి.

ఈ శైవలంలో యు.సి.వై.ఎన్.-ఎ ఉన్నదని 2013లో జపాను శాస్త్రవేత్త క్యోకో హగినో, ఆమె సహచరులు ప్రకటించారు. దీనిని ప్రయోగశాలలో పెంచటానికి ఆమె పదేళ్ళకు పైగా శ్రమించి, 300 సార్లకు పైగా సముద్రజలాన్ని సేకరించారు. చివరకు ఆ పెంపకం ఫలించకపోతే తరువాతి పరిశోధన ఏదీ సాధ్యమయ్యేది కాదు. ఈ విషయంపై వార్తలలో ఆమె పేరు తరచు చివరి పంక్తిలో వస్తుంది. మొదటి పంక్తిలో ఉండదగినది.

సహజీవియా, కణాంగమా?

ఒక జీవి మరొక జీవి కడుపులో చేరినంతమాత్రాన కణాంగం కాదు. రెండు లక్షణాలు చూస్తారు. ఒకటి, ఆతిథేయి విభజనతో పాటు క్రమబద్ధంగా విభజన చెంది, పిల్లకణాలకు సంక్రమించాలి. రెండు, ఆతిథేయి తయారుచేసిన ప్రోటీనులు లోపలికి దిగుమతి కావాలి. టైలర్ కోల్, జెర్ ప్రభృతులు 2024 ఏప్రిల్‌లో సైన్స్ పత్రికలో ప్రచురించిన వ్యాసం ఈ రెండింటినీ చూపింది. మృదు ఎక్స్-కిరణాలతో తీసిన చిత్రాలలో శైవలకణం విభజన చెందే ముందు లోపలిది కూడా రెండుగా చీలుతున్నది. దానిలోని ప్రోటీనులలో దాదాపు సగం శైవలం నుండి వచ్చినవే. అటువంటి ప్రోటీనులు పలువాటికి చివర ఒక అదనపు ముక్క తగిలించి ఉన్నది. సరుకును ఏ గదికి చేర్చాలో తెలిపే చీటీ వంటిది అది. ఈ కలయిక సుమారు 10 కోట్ల సంవత్సరాల క్రితం జరిగి ఉంటుందని అంచనా.

బాక్టీరియా నుండి ఇట్లు పుట్టిన కణాంగాలుగా ఇంతకుముందు తెలిసినవి మూడు: మైటోకాండ్రియా, హరితరేణువు, పాలినెల్లా అనే అమీబాలోని క్రొమాటోఫోర్. నత్రరేణువు నాలుగవది. అయితే హరితరేణువులో సాధారణంగా మిగిలేవి ఒకటి రెండు వందల జన్యువులు కాగా, దీనిలో ఇంకా వెయ్యికి పైగా ఉన్నాయి. కనుక ఇది ఆ మార్గంలో ఇంకా నడుస్తున్నదనటం సబబు. సహజీవికి, కణాంగానికి మధ్య గట్టి గోడ లేదు.

కేంద్రకం గల ఏ జీవీ నత్రజనిని స్థాపించలేదు అన్న వాక్యాన్ని తరతరాల ఉపాధ్యాయులు నల్లబల్లపై వ్రాసి ఉంటారు. ఈ వ్యాసకర్త కూడా వ్రాశాడు. ఆ వాక్యాన్ని ఇప్పుడు దిద్దుకొనవలసినదే.

ఇతర జంటలు

రైజోసొలీనియా, హెమియాలస్ మొదలైన డయాటమ్‌లతో రిచీలియా అనే సయనోబాక్టీరియా కలిసి జీవిస్తుంది. 2024లోనే జర్మనీలోని బ్రెమెన్ నగరంలో గల మాక్స్ ప్లాంక్ సముద్ర సూక్ష్మజీవశాస్త్ర సంస్థ పరిశోధకులు అట్లాంటిక్ జలాలలో మరొక జంటను కనుగొన్నారు. హాస్లియా అనే డయాటమ్‌లో ఉన్నది సయనోబాక్టీరియా కాదు, మన వేరుశనగ బుడిపెలలోని రైజోబియం జాతికి బంధువు. చిక్కుడు కుటుంబపు మొక్కలకే పరిమితమనుకున్న ఆ వర్గపు బాక్టీరియా నడిసముద్రంలో శైవలంతో కాపురం చేస్తుందని ఎవరూ ఊహించలేదు.

వ్యవసాయంతో సంబంధం

వరి, గోధుమ వంటి పైరులలో నత్రరేణువును ప్రవేశపెట్టగలిగితే యూరియా అవసరం తగ్గునన్న ఆశ ఉన్నది. శైవలం తన ప్రోటీనులను లోపలికి పంపే విధానం తెలియటం అందుకు ఒక మెట్టు మాత్రమే. దిగుమతి అవుతున్న ప్రోటీనులు వందల సంఖ్యలో ఉన్నందున, బాక్టీరియాను ఒక్కదానినే తెచ్చి మొక్కకణంలో పెట్టినంత మాత్రాన అది బ్రతకదు.