మన కారుతో దుబాయ్, ఒమన్, సౌదీ: ఓడ ఎక్కించే ముందు లెక్కలు

ఈ రోజు ఎపిసోడ్‌లో డ్రోన్ షాట్లు లేవు, ఎడారిలో స్లో మోషన్ లేదు. ఒక ఎక్సెల్ షీట్ ఉంది, అంతే. ఎనిమిది నెలలుగా నేను దాని మీదే కూర్చున్నా.

సంగతేంటంటే, మా బాబాయ్ జగిత్యాల నుంచి వెళ్లి షార్జాలో సెటిల్ అయ్యాడు. ఒకసారి ఫోన్‌లో సరదాగా "ఎప్పుడూ ఫ్లైట్ ఏందిరా, కార్లనే రా" అన్నాడు. ఆయన మర్చిపోయాడు, నేను మర్చిపోలేదు. మ్యాప్ తెరిస్తే రోడ్డు కనిపిస్తుంది గానీ, పాకిస్తాన్ మీదుగా మనం వెళ్లే పరిస్థితి లేదు. కాబట్టి ముంబై దగ్గర నవా షేవా పోర్టులో కారుని ఓడ ఎక్కించాలి, దుబాయ్ జెబెల్ అలీలో దింపుకోవాలి. అక్కడి నుంచి ఒమన్, తర్వాత సౌదీ, మళ్లీ యూఏఈ, మళ్లీ ఓడ.

మొదట అందరూ అడిగేది పెట్రోల్ ఖర్చు. అది అసలు సమస్యే కాదు. అసలు సమస్య పేరు కార్నే. పూర్తి పేరు కార్నే ద పసాజ్. మనిషికి పాస్‌పోర్ట్ ఎలాగో, కారుకి ఇది అలాగ. మీరు కారు తీసుకుని వేరే దేశంలో దిగితే, అక్కడి కస్టమ్స్ వాళ్లకి ఒకటే అనుమానం: వీడు ఇక్కడే అమ్మేసి పోతాడేమో, మనకి రావాల్సిన దిగుమతి సుంకం పోతుందేమో అని. కార్నే అంటే "ఈ కారు తిరిగి బయటకి వెళ్తుంది, వెళ్లకపోతే సుంకం మేం కడతాం" అని ఒక ఆటోమొబైల్ అసోసియేషన్ ఇచ్చే హామీ. మన దగ్గర ముంబైలోని వెస్టర్న్ ఇండియా ఆటోమొబైల్ అసోసియేషన్ లాంటివి ఇస్తాయి. మరి వాళ్లు ఊరికే హామీ ఎందుకిస్తారు? మీ దగ్గర డిపాజిటో, బ్యాంక్ గ్యారంటీయో పెట్టించుకుంటారు. కారు విలువని బట్టి, వెళ్లే దేశాలని బట్టి ఆ మొత్తం మారుతుంది.

ఇక్కడే మా ఇంట్లో గొడవ మొదలైంది. నా దగ్గర అంత డబ్బు లేదు. ఉన్నది నాన్న ఎఫ్‌డీ. అది మా చెల్లి పెళ్లి కోసం దాచింది. డబ్బు ఖర్చవదు, కారు తిరిగొస్తే వెనక్కి వచ్చేస్తుంది అని నేను, "రాకపోతే?" అని నాన్న. ఆయన అడిగినదాంట్లో తప్పేం లేదు. అందుకే కార్నే ఎలా పనిచేస్తుందో ఆయనకి కాగితం మీద గీసి చూపించాల్సి వచ్చింది.

కార్నేలో ఒక్కో పేజీ మూడు ముక్కలుగా ఉంటుంది. ఒకటి లోపలికి వచ్చినప్పుడు కస్టమ్స్ వాళ్లు చింపుకునేది, ఒకటి బయటకి వెళ్లేటప్పుడు చింపుకునేది, మూడోది మన దగ్గర మిగిలేది. ఆ మిగిలే ముక్క మీద రావడానికి ఒక స్టాంపు, పోవడానికి ఒక స్టాంపు పడాలి. రెండోది పడకపోతే, మీ కారు మీ ఇంటి ముందే ఉన్నా, రికార్డుల ప్రకారం అది ఇంకా ఆ దేశంలోనే ఉంది. అప్పుడు సుంకం అడుగుతారు. రాత్రి రెండింటికి బార్డర్‌లో నిద్రమత్తులో ఉన్న ఆఫీసర్ "గో, గో" అని చెయ్యి ఊపితే వెళ్లిపోకూడదు. దిగి స్టాంపు వేయించుకోవాలి.

కార్నేలు 5, 10, 25 పేజీలవి వస్తాయి. దేశంలోకి అడుగుపెట్టిన ప్రతిసారీ ఒక పేజీ అని లెక్కేసుకోవాలి. నా రూట్‌లో మూడే దేశాలు కదా, 5 పేజీలు చాలనుకున్నా. తర్వాత కూర్చుని కోడ్ డీబగ్ చేసినట్టు ఒక్కో లైన్ చూశా. మ్యాప్‌లో ముసందం అని ఒక చోటు ఉంది. సముద్రంలోకి పొడుచుకొచ్చిన కొండలు, లోపలికి చొచ్చుకొచ్చిన నీళ్లు, అద్భుతంగా ఉంటుంది. అది ఒమన్‌దే, కానీ మిగతా ఒమన్‌కి అతుక్కుని లేదు, మధ్యలో యూఏఈ ఉంది. అంటే రోడ్డు మీద వెళ్తే ఇలా: యూఏఈ, ముసందం కోసం ఒమన్, మళ్లీ యూఏఈ, మస్కట్ కోసం మళ్లీ ఒమన్, సౌదీ, మళ్లీ యూఏఈ. ఆరు ఎంట్రీలు! 5 పేజీల కార్నేతో వెళ్తే చివరి బార్డర్‌లో ఇరుక్కునేవాణ్ణి.

దీనికి దొరికిన పరిష్కారం నాకు భలే నచ్చింది. ముసందంలోని ఖసబ్ నుంచి షినాస్‌కి ఒక ఫెర్రీ నడుస్తుంది, కార్లని కూడా ఎక్కించుకుంటుంది. రెండూ ఒమన్‌లోనే ఉన్నాయి కాబట్టి దేశం దాటినట్టు కాదు. యూఏఈ, ఒమన్, సౌదీ, యూఏఈ, నాలుగే పేజీలు. వీసా ఎంట్రీల లెక్క కూడా దీంతోనే తగ్గుతుంది. యూఏఈకి మాత్రం రెండుసార్లు వెళ్తున్నాం కాబట్టి సింగిల్ ఎంట్రీ వీసా పనికిరాదు.

ఇంకో చిన్న మెలిక. కారు ఆర్‌సీ నాన్న పేరు మీద ఉంది, నడిపేది నేను. కాబట్టి ఆథరైజేషన్ లెటర్ కావాలి. మీ కారు మీద లోన్ ఉంటే బ్యాంకు ఎన్‌ఓసీ కావాలి, దానికి ఎన్ని రోజులు పడుతుందో మీ బ్యాంకుకే తెలియాలి. ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ ఆర్‌టీఓలో 1,000 రూపాయలకి వస్తుంది, ఏడాదే చెల్లుతుంది. తొందరపడి ముందే తీసుకోకండి.

ఇప్పుడు ఓడ. రెండు పద్ధతులు. రోరో అంటే కారుని ఓడలోకి డ్రైవ్ చేసుకుంటూ ఎక్కించేస్తారు, తాళం మీరు వాళ్లకి ఇచ్చేయాలి, లోపల సామాన్లు సాధారణంగా ఒప్పుకోరు. నేను కంటైనర్ అనుకుంటున్నా. 20 అడుగుల కంటైనర్ లోపలి పొడవు 5.9 మీటర్లు, వెడల్పు 2.3 మీటర్లు. మాది నాలుగు మీటర్ల లోపు కారు, హాయిగా పడుతుంది. కానీ పక్కన మిగిలేది అటు 30 సెంటీమీటర్లు, ఇటు 30. లోపల పెట్టాక డోరు పూర్తిగా తెరుచుకోదు, కిటికీలోంచి దూరి బయటకి రావాలి. ట్యాంకులో పెట్రోల్ పావు వంతుకి మించకూడదు, బ్యాటరీ వైరు పీకేయాలి, చక్రాలకి చెక్కలు పెట్టి బెల్టులతో బిగించాలి. ఇంకో కారు తోడు దొరికితే 40 అడుగుల కంటైనర్ తీసుకోండి, దానికి అద్దె రెట్టింపు ఉండదు.

ఏజెంట్ చెప్పే "సీ ఫ్రైట్" రేటు చూసి మోసపోవద్దు. దిగే పోర్టులో ఛార్జీలు వేరు. నా ఫ్రెండ్ ఒకడు బైక్ పంపి, ఓడ కదలకముందే ఫ్లైట్ బుక్ చేసుకున్నాడు. ఓడ లేటు. వాడు హోటల్లో, వాడి 30 రోజుల వీసా కరిగిపోతూ ఉంది. ఇంకొకడికి ఉల్టా: కంటైనర్ ముందే దిగింది, మనిషి రాలేదు. ఫ్రీ డేస్ అయిపోయాక రోజుకింత అని డెమరేజ్ మీటర్ తిరిగింది. కాబట్టి ఓడ బయల్దేరిందని కన్ఫర్మ్ అయ్యాకే టికెట్. బిల్ ఆఫ్ లేడింగ్‌లో మీ పేరు పాస్‌పోర్ట్‌లో ఉన్నట్టే, ఇంటిపేరుతో సహా, అక్షరం పొల్లుపోకుండా ఉండాలి. ఇంటిపేరు ముందా వెనకా అనే గొడవ మన తెలుగువాళ్లకి తెలిసిందేగా!

ఇన్సూరెన్స్ ఎందుకు, నాలుగైదు రోజుల ప్రయాణమేగా అంటారు. జనరల్ యావరేజ్ అని ఒక పాత సముద్ర నియమం ఉంది. ఓడ ప్రమాదంలో పడి, అందరినీ కాపాడటానికి ఖర్చయితే, ఆ ఖర్చుని ఓడ ఓనర్, సరుకున్న ప్రతి ఒక్కరూ విలువ ప్రకారం పంచుకోవాలి. ఓడ, సరుకు కలిపి 100 కోట్లు, నష్టం 10 కోట్లు అనుకోండి. మీ కారు 8 లక్షలైతే మీ వాటా 80 వేలు, కారు మీద గీత కూడా పడకపోయినా సరే! హామీ ఇచ్చేదాకా కారు వదలరు. 2021 మార్చిలో సూయజ్ కాలువలో ఆరు రోజులు ఇరుక్కున్న ఎవర్ గివెన్ గుర్తుందా? దాంట్లో సరుకున్నవాళ్ల మీద ఇదే పడింది, ఓడ జులై దాకా కదల్లేదు. మెరైన్ పాలసీ తీసుకునేటప్పుడు జనరల్ యావరేజ్ కవర్ అవుతుందా అని అడగండి.

సామాన్ల విషయంలో అమ్మకి ఒకటే చెప్పా: మసాలా డబ్బా నేను చెక్ చేస్తా. గసగసాలు యూఏఈ, సౌదీల్లో నిషేధం, డ్రగ్స్ కేసు అవుతుంది. మన చికెన్ మసాలా పొడిలో అవి ఉంటాయి! ఆవకాయకి ఇబ్బంది లేదనుకున్నా, లిస్టులో రాసే పెట్టాలి. గ్యాస్ సిలిండర్ మాత్రం కంటైనర్‌లో పెట్టకండి.

అక్కడ రోడ్డుకి కుడివైపు నడపాలి. మన స్టీరింగ్ కూడా కుడివైపే, కాబట్టి లారీని ఓవర్‌టేక్ చేయాలంటే పక్కసీటువాడి కళ్లతోనే. ఇంకోటి, మన లో బీమ్ ఎడమవైపు కొంచెం పైకి లేచి పడుతుంది, రోడ్డు అంచు కనిపించాలని. అక్కడ ఆ వెలుగు ఎదురొచ్చేవాడి కళ్లలో పడుతుంది. హెడ్‌లైట్‌కి బీమ్ డిఫ్లెక్టర్ స్టిక్కర్లు అంటించాలి, వెనకాల ఐఎన్‌డీ అని ఓవల్ స్టిక్కర్ కూడా.

ఒమన్ నుంచి సౌదీకి 2021 డిసెంబర్‌లో తెరిచిన రోడ్డు మీద వెళ్తాం. రుబ్ అల్ ఖాలీ ఎడారి మధ్యలోంచి, 700 కిలోమీటర్లకు పైగా. బంకు కనిపించిన ప్రతిచోటా ఫుల్ ట్యాంక్, డౌటే లేదు. డిసెంబర్, జనవరి అనుకుంటున్నాం, వేసవిలో ఆ ఆలోచనే వద్దు.

నాన్న నిన్న రాత్రి ఆ మూడు ముక్కల బొమ్మ మళ్లీ చూశాడు. ఎఫ్‌డీ ఇస్తానన్నాడు, ఒక షరతు మీద. ప్రతి బార్డర్‌లో ఎగ్జిట్ స్టాంపు పడ్డాక దాని ఫొటో వాట్సాప్ చేయాలి, ఆయన "ఓకే" అని రిప్లై ఇచ్చాకే బండి కదలాలి. అర్ధరాత్రి అయినా సరే అన్నాడు. కార్నే అప్లికేషన్ సోమవారం పెడుతున్నా, వాళ్లు ఏమేం అడిగారో వచ్చే ఎపిసోడ్‌లో చెప్తా.