సూపర్‌కంప్యూటర్ గంటలు అడగడం ఎలా? మనకెవరూ చెప్పని లెక్క

పీహెచ్‌డీ రెండో ఏట సూపర్‌కంప్యూటర్ సమయం కోసం నేను పెట్టిన మొదటి దరఖాస్తు తిరిగొచ్చింది. 'స్కేలింగ్ టెస్ట్ వివరాలు లేవు' అని ఒక్క వాక్యం రాశారు. ఆ మాట వినడం నాకదే మొదలు. పక్క ల్యాబ్‌లో మాత్రం పాత దరఖాస్తులన్నీ ఒక ఫోల్డర్‌లో ఉండేవి. కొత్తగా చేరినవాళ్లకు సీనియర్లు వాటిని అందించేవాళ్లు. మా ఇంట్లో యూనివర్సిటీ గడప తొక్కింది నేనే మొదలు. అలాంటి ఫోల్డర్ ఒకటి ఉంటుందని నాకు చెప్పేవాళ్లు లేరు.

2015లో 4,500 కోట్ల రూపాయల అంచనాతో కేంద్రం నేషనల్ సూపర్‌కంప్యూటింగ్ మిషన్ మొదలుపెట్టింది. దాని కింద ఐఐటీ బీహెచ్‌యూలో పరమ్ శివాయ్, బెంగళూరు ఐఐఎస్‌సీలో పరమ్ ప్రవేగ, ఐఐటీ హైదరాబాద్‌లో పరమ్ సేవ వచ్చాయి. ఇదంతా ప్రజల డబ్బు. అడిగే హక్కు మనకూ ఉంది. ఎలా అడగాలో తెలియాలి.

సమయాన్ని 'కోర్ అవర్'లలో కొలుస్తారు. ఒక కోర్ గంటసేపు పనిచేస్తే ఒక కోర్ అవర్. నోడ్‌కు 48 కోర్లు ఉన్నాయనుకుందాం. మీ ప్రోగ్రామ్ ఒక నోడ్ మీద 19 గంటలు, రెండు నోడ్ల మీద 10 గంటలు, నాలుగింటి మీద 8 గంటలు తీసుకుందనుకోండి. ఖర్చు వరుసగా 912, 960, 1,536 కోర్ అవర్లు. నాలుగు నోడ్లతో మిగిలేది రెండు గంటలే, ఖర్చు మాత్రం ఒకటిన్నర రెట్లకు పైనే. కాబట్టి రెండు నోడ్లు చాలు. స్కేలింగ్ టెస్ట్ అంటే ఇంతే.

పేపర్‌కు 30 రన్లు కావాలంటే 28,800 కోర్ అవర్లు. మధ్యలో ఆగిపోయేవి, రివ్యూయర్లు మళ్లీ చేయమనేవి ఉంటాయి గనుక పాతిక శాతం కలిపి 36,000 అడగండి. ఏ రన్ పేపర్‌లోని ఏ గ్రాఫ్ కోసమో పక్కనే రాయండి. దరఖాస్తు చూసేవాళ్లకు అంకె కంటే దాని వెనక కారణం ముఖ్యం.

తేదీలు వెనక నుంచి లెక్కేసుకోవాలి. కాన్ఫరెన్స్ గడువు అక్టోబరు 1 అయితే ఆగస్టు చివరికి రన్లు ముగియాలి. క్యూలో ఎదురుచూపులూ ఉంటాయి కాబట్టి జూలైలో గంటలు చేతికి రావాలి. పరిశీలనకు వారాలు పట్టొచ్చు, అందుకే ఏప్రిల్‌లోనే దరఖాస్తు పెట్టండి. మరీ ముందే తీసుకున్నా చిక్కే: చాలా చోట్ల గడువులోగా వాడని గంటలు రద్దవుతాయి. వాడకానికి రుసుము ఎంత, కాన్ఫరెన్స్ ఫీజు, ప్రయాణం ఖర్చు ఎవరు పెడతారన్నది కూడా అప్పుడే అడగాలి. ఫెలోషిప్ ఆలస్యమైతే అప్పు చేయాల్సింది మనమే.

అదే కాగితం మీద ఇంకొక గడి గీయండి: ఏ పని ఎవరిది, రచయితల్లో ఎవరి పేరు ఎక్కడ. రాత్రిళ్లు మేలుకుని రన్లు నడిపి, తప్పులు దిద్దిన విద్యార్థి పేరు చివరికి కృతజ్ఞతల్లో ఒక లైనుగా మిగిలిపోవడం మనకు కొత్త కాదు. పని మొదలయ్యే రోజే అడిగితే అది ప్రణాళికలో భాగం. పేపర్ పంపే ముందురోజు అడిగితే 'గొడవ పెట్టుకుంటున్నారు' అంటారు.

ఆ తర్వాతి సంవత్సరం నా దరఖాస్తు ఆమోదం పొందింది. తిరిగొచ్చినదాన్నీ, ఆమోదం పొందినదాన్నీ ఒకే ఫోల్డర్‌లో పెట్టి జూనియర్లకు ఇచ్చాను. మీ దగ్గరున్నదీ దాచుకోకండి. మన వెనక వచ్చేవాళ్లు మళ్లీ మొదటి మెట్టు నుంచి మొదలుపెట్టకూడదు.