నాలుగేళ్ల చదువు - నాలుగు ప్రశ్నలు

అక్కలారా! బిడ్డ ఇంటర్ పాసైంది. ఇంజనీరింగ్ చదువుతానంటోంది. ఎంత సంతోషం! కానీ ఎక్కడ చేర్చాలి? పుస్తెలతాడు కుదువ పెట్టి కట్టే ఫీజు ఇది. అందుకే ముందుగా నాలుగు ప్రశ్నలు అడుగుదాం.

1. సీటు ఏ పరీక్షతో వస్తుంది?

సంగారెడ్డి పక్కన కందిలో ఐ.ఐ.టి. ఉంది. ఈ ఐ.ఐ.టి. 2008లో మొదలైంది. మన దగ్గరే ఉన్నా మన జిల్లాకని వేరే సీట్లు లేవు. జేఈఈ మెయిన్, జేఈఈ అడ్వాన్స్‌డ్ అనే రెండు పరీక్షలు రాయాలి. దేశమంతటి పిల్లలు పోటీ పడతారు. అక్కడ సీటు వస్తే ఎస్.సి., ఎస్.టి. పిల్లలకు ట్యూషన్ ఫీజు ఉండదు. ఏడాదికి లక్ష రూపాయల లోపు ఆదాయం ఉన్న ఇంటి పిల్లలకూ ఉండదు. హాస్టలు, భోజనం ఖర్చు వేరు.

మన రాష్ట్రంలోని చాలా కాలేజీలకు ఎప్‌సెట్ రాయాలి. ఇంతకుముందు దీన్నే ఎంసెట్ అనేవాళ్లు.

2. పట్టా ఎవరు ఇస్తారు?

కాలేజీ వేరు, యూనివర్సిటీ వేరు. జె.ఎన్.టి.యు. 1972లో ఏర్పడింది. చాలా ప్రైవేటు కాలేజీలు దాని కింద నడుస్తాయి. పాఠం చెప్పేది కాలేజీ. పట్టా ఇచ్చేది యూనివర్సిటీ. సుల్తాన్‌పూర్‌లో ఉన్నది జె.ఎన్.టి.యు. సొంత కాలేజీ.

రుద్రారంలోని గీతం డీమ్డ్ యూనివర్సిటీ. అంటే పాఠం, పరీక్ష, పట్టా అన్నీ దానివే. ఇలాంటి చోట సర్కారు ఫీజు సాయం వర్తిస్తుందా అని ముందే అడగాలి.

3. నాలుగేళ్లకు ఎంత అవుతుంది?

ప్రైవేటు కాలేజీలో నూరు సీట్లుంటే 70 కన్వీనర్ కోటా. ర్యాంకును బట్టి ఇస్తారు. అర్హత ఉంటే ఫీజు రీయింబర్స్‌మెంట్ వస్తుంది. అంటే ఫీజు సర్కారు కడుతుంది. కులాన్ని, ర్యాంకును బట్టి ఆ మొత్తం మారుతుంది. మిగిలింది మనం కట్టాలి. సర్కారు డబ్బు ఆలస్యమైతే ఏం చేస్తారో కూడా అడగండి.

మిగతా 30 సీట్లు మేనేజ్‌మెంట్ కోటా. వాటికి ఈ సాయం లేదు.

4. ఆ కోర్సుకు గుర్తింపు ఉందా?

కాలేజీకి ఎ.ఐ.సి.టి.ఇ. అనుమతి ఉండాలి. ఎన్.బి.ఎ. గుర్తింపు ఒక్కో కోర్సుకు విడిగా ఇస్తారు. ఒక కోర్సుకు ఉంటే అన్నిటికీ ఉన్నట్టు కాదు. అది ఏ సంవత్సరం దాకా ఉందో చూడాలి. అక్కడ చదివే పిల్లలను అడగాలి. సార్లు వస్తున్నారా? ల్యాబులో మిషన్లు నడుస్తున్నాయా?

ఇంకొక మాట. ఒరిజినల్ సర్టిఫికెట్లు చూసి తిరిగి ఇచ్చేయాలి. కాలేజీ వాళ్లు దగ్గర ఉంచుకోకూడదు. ఇది రూలు. కట్టిన ప్రతి రూపాయికీ రసీదు తీసుకోవాలి.

పెద్ద బిల్డింగు చూసి మోసపోవద్దు. నిన్న వేలిముద్ర వేశాం. ఈరోజు కాగితం చదివి సంతకం పెడదాం.

లెక్క కట్టండి: ఏడాదికి ఫీజు 90,000 రూపాయలు, బస్సుకు 30,000 రూపాయలు అనుకుందాం. నాలుగేళ్లకు మొత్తం ఎంత?