ఒలీవ చెట్టు గుర్తు



మీ బైబిలు తెరిచి ఏ వచనమైనా చూడండి. దాని ప్రక్కన ఒక సంఖ్య ఉంటుంది. క్రొత్త నిబంధనలో మనకు అలవాటైన ఈ వచన సంఖ్యలను 1551లో అచ్చువేసినవాడు రోబేర్ ఎస్తియెన్ అను ఫ్రాన్సు దేశపు ముద్రాపకుడు.

ఆ కాలంలో ముద్రాపకులు తమ పుస్తకాలపై ఒక గుర్తు వేసేవారు. మైంజ్ పట్టణంలో ఫుస్ట్, షోఫర్ అనువారి గుర్తు కొమ్మకు వ్రేలాడే రెండు డాళ్ళు. వెనిస్‌లో ఆల్డస్ గుర్తు లంగరును చుట్టుకొన్న డాల్ఫిన్. ఇది మా పని, దీనికి మేమే బాధ్యులము అని ఆ గుర్తు చెప్పేది. కొనేవారికి అది నమ్మకం. అధికారులకైతే ఎవరిని పట్టుకోవాలో చెప్పే ఆనవాలు.

ఎస్తియెన్ గుర్తు ఒలీవ చెట్టు. కొమ్మలు విరిగి పడుచుండగా ప్రక్కన ఒక మనుష్యుడు నిలిచియుంటాడు. దానితో రోమా 11:20లోని లాటిను మాటలు ఉంటాయి. గమనించండి! గ్రీకులో పౌలు హెచ్చరించినది గర్వమును గూర్చి. అయితే ఆ లాటిను మాటలను ‘ఉన్నతమైన సంగతులు తెలిసికొనగోరవద్దు’ అని కూడా చదువవచ్చు. అనేకులు అలాగే చదివారు. గర్విష్ఠిని తగ్గించవలసిన వాక్యము, నేర్చుకొనగోరువానిని ఆపే వాక్యమైపోయింది!

ఎస్తియెన్ రాజైన మొదటి ఫ్రాన్సిస్ నియమించిన ముద్రాపకుడు. అయినను ఆయన బైబిళ్ళలోని వివరణలను పారిసు వేదపండితులు తప్పుపట్టారు. 1547లో రాజు చనిపోగా ఆ అండ పోయింది. 1550 ప్రాంతంలో ఆయన జెనీవాకు వెళ్ళిపోయాడు. ఆ చెట్టు గుర్తు అక్కడికీ ఆయనతో వెళ్ళింది. 1559లో రోములో వెలువడిన నిషిద్ధ గ్రంథాల పట్టికలో కొందరు ముద్రాపకుల పేర్లే చేర్చారు. వారు అచ్చువేసినదంతా నిషిద్ధమే.

అయితే ప్రియులారా, ఈ తప్పు ఒక పక్షమువారిదే అనుకొనకండి. 1553లో అదే జెనీవాలో మైకేల్ సెర్వేటస్ అనువానిని అతని బోధ నిమిత్తము సజీవంగా కాల్చివేశారు.

మరి మన సంగతి ఏమిటి? బైబిలు తరగతిలో ఒక యౌవనస్థుడు కష్టమైన ప్రశ్న అడిగితే, “నీకెందుకు, కూర్చో” అంటున్నామా? ఆ మాట మన భక్తిలోనుండి వస్తుందా, జవాబు తెలియదని ఒప్పుకోలేని గర్వంలోనుండి వస్తుందా? పౌలు హెచ్చరిక అడిగినవానికి కాదు, విరిగిన కొమ్మలను చూచి అతిశయపడేవానికి. ఈ వారం అలాంటి ప్రశ్న వస్తే, బైబిలు తెరిచి అతనితో కలిసి వెదకండి.

దేవుడు మిమ్మును దీవించును గాక. ఆమేన్.