“1 రూపాయికే” అన్న యాడ్‌లో మిగతా సగం ఎక్కడుంది?

“1 రూపాయికే 7 రోజులు! ఇప్పుడే చూడండి.” షార్ట్ వీడియోలు స్క్రోల్ చేస్తుంటే సీరియల్ ముక్కల యాప్‌లకు, జాతకం యాప్‌లకు ఇలాంటి యాడ్లు మీకూ వచ్చే ఉంటాయి. నిజానికి ఆ లైన్‌లో అబద్ధం లేదు. ఆ రోజు కట్ అయ్యేది 1 రూపాయే. ఎనిమిదో రోజు నుంచి ఎంత కట్ అవుతుందో మాత్రం బటన్ కింద, బూడిద రంగు చిన్న అక్షరాల్లో ఉంటుంది. అసలు ధర అదే.

రింగ్‌టోన్ల కాలం నాటి ట్రిక్

ఇది కొత్తదేం కాదు. “ఫ్రీ రింగ్‌టోన్” అని చూసి నంబర్ ఇస్తే, నెలనెలా ఫోన్ బిల్లులో చార్జీ పడేది. దీని మీద 2007లో అమెరికాలోని ఫ్లోరిడా అటార్నీ జనరల్ ఆఫీసు విచారణ చేస్తే, అజూగుల్‌యాడ్స్ అనే సంస్థ 10 లక్షల డాలర్లకు సెటిల్ చేసుకుంది. ఆ సంస్థ రింగ్‌టోన్లు అమ్మేది కాదు. అమ్మేవాళ్ల యాడ్లను సైట్లకు చేర్చే అఫిలియేట్ నెట్‌వర్క్.

మన దగ్గర కాలర్ ట్యూన్లు, క్రికెట్ అలర్టులు, జోకులు ఇలాగే బ్యాలెన్స్ తినేవి. మొబైల్ డేటాలో ఉంటే నంబర్ టైప్ చేయాల్సిన పని కూడా లేదు, అది ఎవరి సిమ్మో ఆపరేటర్‌కు తెలుసు. అందుకే ట్రాయ్ 2013 జూలైలో రూల్ టైట్ చేసింది. సర్వీస్ ఆన్ చేసే ముందు కస్టమర్‌ను రెండోసారి అడిగి ఒప్పుకోలు తీసుకోవాలి. ఆపడానికి అందరికీ ఒకే టోల్ ఫ్రీ నంబర్, 155223. ఆ తర్వాత ఆట బ్యాలెన్స్ నుంచి యూపీఐ వైపు జరిగింది.

మధ్యలో ఉన్నవాడి లెక్క

అఫిలియేట్‌కు డబ్బులు వచ్చేది సైన్ అప్‌కు ఇంత అని. మీకు యాప్ నచ్చిందా, రెండో నెల గొడవ పడ్డారా అన్నది అతని లెక్కలోకి రాదు. ఒకే పేజీకి రెండు బటన్లు పెట్టి టెస్ట్ చేస్తారనుకోండి. ఒకదాని మీద “నెలకు 299 కట్టి చేరండి” అని, ఇంకోదాని మీద “కంటిన్యూ” అని. ఏది గెలుస్తుందో తెలుసుకోడానికి బీటెక్ అక్కర్లేదు. మోసం చేద్దామని ఎవరూ మీటింగ్ పెట్టుకోనక్కర్లేదు, డ్యాష్‌బోర్డే ఆ మాటను ఎంచుకుంటుంది. అడిగితే కంపెనీ “యాడ్ మేం రాయలేదు” అంటుంది, అఫిలియేట్ “ధర కంపెనీ పేజీలో ఉంది కదా” అంటాడు.

యాడ్ తెలుగులో, షరతులు ఇంగ్లీషులో

మా సత్యవేడు పక్కనే శ్రీసిటీ. 2015లో షావోమీ భారత్‌లో తయారైన తన తొలి ఫోన్, రెడ్‌మీ 2 ప్రైమ్‌ను చేయించింది అక్కడి ఫాక్స్‌కాన్ ప్లాంటులోనే. ఫోన్ మా దగ్గరే తయారవుతుంది గానీ, అందులో కనిపించే షరతులు మా భాషలో ఉండవు. “1 రూపాయికే” అన్నది చక్కటి తెలుగులో, పెద్ద అక్షరాల్లో వస్తుంది. “ఆ తర్వాత నెలకు ఇంత” అన్నది ఇంగ్లీషులో వస్తుంది. అమ్మమ్మకు యాడ్ అర్థమవుతుంది, ఒప్పందం అర్థం కాదు. అర్థం కాని దానికి పిన్ కొడితే అది ఒప్పుకోలు ఎలా అవుతుంది?

పిన్ కొట్టే ముందు

• యూపీఐ స్క్రీన్ మీద “ఆటోపే” లేదా “మ్యాండేట్” అని కనిపిస్తే ఆగండి. 1 రూపాయికి కొట్టే ఆ పిన్నే ముందు ముందు కట్ అయ్యే డబ్బుకూ పర్మిషన్.
• గరిష్ఠంగా ఎంత, ఎన్ని రోజులకోసారి, ఎప్పటివరకు అన్న మూడు వివరాలు చదవండి.
• యాప్ డిలీట్ చేస్తే ఆటోపే ఆగదు. యూపీఐ యాప్‌లోని ఆటోపే లిస్టుకు వెళ్లి క్యాన్సిల్ చేయాలి.
• ఆర్‌బీఐ రూల్ ప్రకారం డబ్బు కట్ అవ్వడానికి కనీసం 24 గంటల ముందు మెసేజ్ రావాలి. దాన్ని స్పామ్ అనుకుని వదిలేయకండి.
• డబ్బు పోతే యాడ్ స్క్రీన్‌షాట్‌తో సహా నేషనల్ కన్స్యూమర్ హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేయండి. 2023 నవంబర్ 30న కేంద్రం నోటిఫై చేసిన 13 డార్క్ ప్యాటర్న్‌లలో “సబ్‌స్క్రిప్షన్ ట్రాప్” ఒకటి.

మా లాంటి సైట్లకూ ఇదే కొలత

ఫోన్ రివ్యూల కింద ఉండే “బై నౌ” లింకుల్లో చాలావరకు అఫిలియేట్ లింకులే. కమీషన్ తీసుకోవడం తప్పు కాదు, చెప్పకుండా తీసుకోవడం తప్పు. అలాగే “ఎక్స్‌చేంజ్‌తో 9,999” అని ఉన్న ఫోన్‌ను “9,999కే” అని హెడ్డింగ్ పెడితే, ఆ రింగ్‌టోన్ యాడ్‌కూ మాకూ తేడా ఉండదు. ధర ఎక్కడ రాస్తే షరతూ అక్కడే ఉండాలి. అదే లైన్‌లో, అదే సైజులో, అదే భాషలో.