తొట్టి ఉన్న పాత జీపు కొనేముందు

మిర్చి టిక్కీలు, పత్తి బోరేలు మోసిన పాత పికప్ జీపు ఒకటి షెడ్డులో బాగుపడి, రంగు వేసుకుని అమ్మకానికొచ్చిందనుకుందాం. గుంటూరు, ప్రకాశం రేగడి దారుల్లో పెరిగినవాళ్లకు దాన్ని చూడగానే మనసు లాగుతుంది. బేరం మొదలుపెట్టేముందు చూసుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి.

కేంద్రం 2021 జులైలో వింటేజ్ వాహనాలకు నిబంధనలు తెచ్చింది. మొదటి రిజిస్ట్రేషన్ జరిగి 50 ఏళ్లు దాటాలి. ఛాసిస్, బాడీ, ఇంజిన్లలో పెద్ద మార్పులుండకూడదు. అలాంటి బండికి రాష్ట్ర కోడ్ తర్వాత 'వీఏ' అక్షరాలతో నంబరు ఇస్తారు. కొత్త రిజిస్ట్రేషన్‌కు 20,000 రూపాయలు, పదేళ్ల తర్వాత పునరుద్ధరణకు 5,000 కట్టాలి. ప్రదర్శనలకు, ర్యాలీలకు, ఆయిలు కొట్టించడానికి, మరమ్మతులకు మాత్రమే రోడ్డెక్కాలి. రోజువారీ తిరుగుళ్లకు, కిరాయిలకు వాడకూడదు.

అసలు చిక్కు మరోచోట ఉంది. ఈ నిబంధనలు ద్విచక్ర వాహనాలకు, ప్రయాణికుల కోసం చేసిన నాలుగు చక్రాల బళ్లకే వర్తిస్తాయి. వెనక సీట్లున్న జీపు అందులోకి వస్తుంది. అదే జీపుకు వెనక తొట్టి ఉండి, ఆర్సీలో సరుకు వాహనమని రాసుంటే రాదు. దానికి ఏటా ఎఫ్‌సీ, ట్యాక్సు వంటివన్నీ మామూలు సరుకు బండిలాగే చూసుకోవాలి. కాబట్టి అమ్మేవారు 'వింటేజ్' అన్నా, ముందు ఆర్సీలో వాహన తరగతి చదవండి.

తర్వాత ఛాసిస్ పట్టీ మీద మట్టి తుడిచి, అక్కడి నంబరును ఆర్సీతో ఒక్కో అంకె పోల్చండి. అంకెల చుట్టూ లోహం గ్రైండర్ పట్టినట్టు నున్నగా ఉంటే ఆగిపోండి. ఇంజిన్ నంబరూ అలాగే చూడండి. పెట్రోలు ఖర్చు భరించలేక చాలా జీపులకు అప్పట్లో డీజిల్ ఇంజిన్లు బిగించారు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం అలాంటి మార్పు ఆర్సీలో నమోదై ఉండాలి. బాడీ మీద అయస్కాంతం పెట్టి చూడండి. ఇనుము మీద గట్టిగా అంటుకుంటుంది, మందంగా లప్పం పెట్టినచోట జారిపోతుంది.

ఒంగోలు బండికి గుంటూరు రిజిస్ట్రేషన్ కనిపిస్తే కంగారుపడనక్కర్లేదు. 1970 ఫిబ్రవరి 2న కొత్త జిల్లా ఏర్పడేదాకా ఒంగోలు గుంటూరు జిల్లాలోనే ఉండేది.

ధర కట్టేటప్పుడు మెరుపు చూసి మోసపోవద్దు. సొంత ఇంజిన్, సొంత ఛాసిస్, చెల్లుబాటయ్యే కాగితాలు ఉన్న బండి రంగు వెలిసినా విలువైనదే. అవి పోయాక ఎంత ఖర్చుపెట్టినా తిరిగి రావు. జనాన్ని మోసిన బండికి ఇచ్చిన గుర్తింపును పంటను మోసిన బండికీ ఇవ్వాలి. వింటేజ్ నిబంధనల్లో సరుకు వాహనాలకూ చోటు కల్పించాలని కేంద్రాన్ని అడగడం న్యాయమైన కోరికే.