గోత్రం పంచి ఇచ్చిన తల్లి

మీరు ఆలయానికి వెళ్లి అర్చన టికెట్టు అందించగానే అర్చకుడు అడిగే మొదటి మాట "గోత్రం?" అన్నదే. మీరు తడుముకోకుండా చెబుతారు. తాతగారు నాన్నగారికి, నాన్నగారు మీకు చెప్పిన మాట అది. ఆ ఒక్క మాట వెనుక ఎన్ని తరాలు నిలబడి ఉన్నాయో మీరెన్నడూ లెక్కించి ఉండరు. ఉన్నవారికి దాని విలువ తెలియదు. లేనివారికే తెలుస్తుంది.

కొన్నేళ్ల క్రితం చైత్రమాసంలో, మాచర్ల లక్ష్మీచెన్నకేశవస్వామి తిరునాళ్ల రోజులలో, ఒక బాలల ఆశ్రమం నుంచి పదిహేనుమంది పిల్లలు దర్శనానికి వచ్చారు. వరుసలో ముందున్న బాలుడికి ఎనిమిదేళ్లు ఉంటాయి. అలవాటుకొద్దీ "గోత్రం ఏమిటి నాయనా?" అని అడిగాను. వాడు నా ముఖం వైపు చూసి, తల దించుకున్నాడు. చేసిన తప్పు నాకు అర్థమయ్యేలోగానే, వారి వెంట వచ్చిన ఆయమ్మ ముందుకు వచ్చి, "అందరికీ నా గోత్రమే చెప్పండి స్వామీ" అన్నది.

గోత్రం తెలియనివారికి కాశ్యప గోత్రం చెప్పడం మన సంప్రదాయం. సకల ప్రాణికోటీ కశ్యప ప్రజాపతి సంతతే గనుక లోకంలో గోత్రహీనుడంటూ ఎవడూ లేడని దాని భావం. ఇది నాకు తెలియనిది కాదు. అయినా ఆ క్షణంలో నా నోటికి రాలేదు. వేదం చదివిన నాకు తోచనిది, నెల జీతానికి పిల్లలకు తలలు దువ్వి అన్నం పెట్టే ఆ ఇల్లాలికి తోచింది. అది శాస్త్రరీత్యా చెల్లుతుందా అన్న విచారణ పెట్టుకోకుండా, ఆమె గోత్రంతోనే పదిహేనుమందికీ సంకల్పం చెప్పాను. ఆ రాత్రి ఐతరేయ బ్రాహ్మణంలోని శునశ్శేపుని కథ పదేపదే మనసులో మెదిలింది.

విశ్వామిత్రుని పెద్దకొడుకు

సంతానం లేని హరిశ్చంద్ర మహారాజు వరుణదేవుణ్ణి ప్రార్థించి, పుట్టిన బిడ్డను నీకే అర్పిస్తానని మాట ఇచ్చాడు. రోహితుడు పుట్టాడు. పెరిగి పెద్దవాడై, సంగతి తెలుసుకుని అడవికి వెళ్లిపోయాడు. మాట తప్పిన రాజుకు ఉదరవ్యాధి పట్టుకుంది. అడవిలో తిరుగుతున్న రోహితుడికి ఆకలితో అలమటిస్తున్న అజీగర్తుడనే బ్రాహ్మణుడు కనిపించాడు. ఆయనకు ముగ్గురు కొడుకులు. వారిలో ఒకణ్ణి తనకు బదులుగా ఇమ్మని, నూరు గోవులిస్తానని రోహితుడు అడిగాడు. తండ్రి పెద్దవాణ్ణి దగ్గరకు తీసుకున్నాడు. తల్లి చిన్నవాణ్ణి పట్టుకుంది. ఎవరి చేతా పట్టుకోబడని నడిమివాడు శునశ్శేపుడు. అమ్ముడుపోయినవాడు అతడే.

యజ్ఞశాలలో ఆ బాలుణ్ణి యూపస్తంభానికి కట్టడానికి ఎవరూ ముందుకు రాలేదు. మరో నూరు గోవులకు కన్నతండ్రే కట్టాడు. ఇంకో నూరు గోవులకు కత్తి పట్టడానికీ సిద్ధపడ్డాడు. శునశ్శేపుడు దేవతలను స్తుతించాడు. ఒక్కొక్క ఋక్కుకూ కట్లు సడలిపోయాయి, రాజు వ్యాధి కూడా తగ్గింది. అప్పుడు ఆ బాలుడు వెళ్లి విశ్వామిత్రుని ఒడిలో కూర్చున్నాడు. తండ్రి మళ్లీ రమ్మని పిలిచినా వెళ్లలేదు. విశ్వామిత్రుడు అతనికి దేవరాతుడని పేరు పెట్టి, తన జ్యేష్ఠపుత్రుడిగా ప్రకటించాడు.

పాఠకులు ఒక విషయం గమనించాలి. శునశ్శేపుడికి తల్లీ తండ్రీ ఇద్దరూ ఉన్నారు. అయినా అతనికన్న అనాథ లేడు. నాథుడంటే కన్నవాడు మాత్రమే కాదు, విడువకుండా పట్టుకున్నవాడు.

కథ ఇక్కడితో ముగియలేదు. విశ్వామిత్రుడికి నూటొక్కమంది కొడుకులు. మధుచ్ఛందుడూ, అతని తరువాతి ఏభైమందీ ఆ బాలుణ్ణి అన్నగా అంగీకరించారు. పై ఏభైమంది అంగీకరించలేదు. ఎవరో వదిలేసిన పిల్లవాడు మాకు అన్న ఏమిటన్నారు. తండ్రి ఆగ్రహించాడు. వారి సంతతి ఆర్యభూమి సరిహద్దుల ఆవల నివసించే జాతులవుతుందని శపించాడు. ఆ జాతుల పేర్లలో పుండ్రులు, శబరులు, పుళిందులు, మూతిబులతో పాటు ముందుగా వినిపించే పేరు ఆంధ్రులు.

ఆంధ్ర శబ్దం కనిపించే అతి ప్రాచీన గ్రంథాలలో ఇది ఒకటని చరిత్రకారులు చెబుతారు. మన ప్రాచీనతకు నిదర్శనంగా ఆ ప్రస్తావనను సభలలో గర్వంగా చెప్పుకుంటాం. ఏ సందర్భంలో వచ్చిందో మాత్రం చెప్పుకోం. దిక్కులేని బాలుణ్ణి సోదరుడిగా ఒప్పుకోనందుకు వచ్చిన పేరది. పురాతన శాపాన్ని చరిత్రగా తీసుకోవాలని నేను అనను. కాని మన పేరు వెనుక ఒక బాకీ ఉందని ఆ కథ చెబుతున్నదని మాత్రం అంటాను.

పలనాట తీరిన బాకీ

ఆ బాకీలో కొంత మన పలనాడే తీర్చింది. 12వ శతాబ్దంలో బ్రహ్మనాయుడు ఈ చెన్నకేశవుని సన్నిధిలోనే అన్ని కులాలవారినీ ఒకే చాప మీద కూర్చోబెట్టి చాపకూడు పెట్టాడు. ఆ రోజులలో ఊరి వెలుపల ఉంచబడిన కులంలో పుట్టిన కన్నమదాసును చేరదీసి, కొడుకుగా ఆదరించి, సేనానిని చేశాడు. బాలచంద్రుని వంటి కన్నకొడుకు ఉండగానే కన్నమదాసును పెద్దకొడుకని చెప్పుకున్నాడని పలనాటి వీరగాథలు పాడేవారు నేటికీ చెబుతారు.

విశ్వామిత్రుడు చేసినదీ అదే, బ్రహ్మనాయుడు చేసినదీ అదే. ఇద్దరూ ఒక పూట అన్నం పెట్టి పంపలేదు. ఇంట్లో స్థానం ఇచ్చారు, అదీ పెద్దకొడుకు స్థానం. అన్నదానం గొప్పదే. కాని బిడ్డకు అన్నంతో పాటు, రేపు కూడా అదే చేయి అన్నం పెడుతుందన్న నమ్మకం కావాలి.

తిరుపతి నుంచి ఫిజీ దాకా

ఆలయ వ్యవస్థ కూడా ఈ ధర్మాన్ని గుర్తించింది. తిరుమల తిరుపతి దేవస్థానం 1943లో తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర బాలమందిరాన్ని స్థాపించింది. తల్లిదండ్రులు లేని, లేదా వారిలో ఒకరిని కోల్పోయిన నిరుపేద బాలబాలికలకు అక్కడ వసతి, భోజనం, చదువు ఉచితం. అనాథనాథుడని మనం స్తుతించే స్వామి ఆ స్తుతిని నిజం చేసుకుంటున్న చోటు అది. తిరుమల వెళ్లేవారు హుండీని తలచుకున్నట్లే బాలమందిరాన్నీ తలచుకోవాలి.

బాకీ మాట వచ్చింది గనుక సముద్రం ఆవలి సంగతి కూడా చెప్పాలి. 1879 నుంచి 1916 వరకు అరవై వేలమందికి పైగా భారతీయులను చెరకు తోటలలో కూలికి ఫిజీ దీవులకు తీసుకువెళ్లారు. 1903 నుంచి మద్రాసు రేవు నుంచీ ఓడలు వెళ్లాయి. వాటిలో మన తెలుగువారూ ఉన్నారు. తోటల బారకాసులలో రోగాలకూ, శ్రమకూ తల్లిదండ్రులు బలైతే పిల్లలకు దిక్కు ఎవరు? తాతలు, మేనమామలు, పిన్నమ్మలు అందరూ సముద్రానికి ఈవల ఉండిపోయారు.

1897లో ఆస్ట్రేలియా నుంచి ఫిజీలోని సువా పట్టణానికి వచ్చిన హన్నా డడ్లీ అనే మిషనరీ ఉపాధ్యాయిని ఆ భారతీయ బాలలకు తన ఇంటి వసారాలో చదువు చెప్పింది. దిక్కులేని పిల్లలను తన ఇంట్లోనే ఉంచుకుని పెంచింది. అక్కడి భారతీయులు ఆమెను మాతాజీ అని పిలిచేవారు. ఆ సేవ నుంచే నౌసోరి దగ్గర దిల్‌కుషా అనే అనాథాశ్రమం రూపుదిద్దుకుంది. ఆమె మతం ఆమెది. కాని మన బిడ్డలు ఒంటరిగా నిలబడినపుడు వారి చేయి పట్టుకున్నది ఆమె. ఆ ఋణాన్ని ఒప్పుకోవడం ధర్మం. తరువాత మనవారూ మేలుకున్నారు. తమిళులు, తెలుగువారు, మలయాళీలు కలిసి 1926లో నాందీలో తెన్నిందియ సన్మార్గ ఐక్య సంగమాన్ని స్థాపించి పాఠశాలలు నడిపారు. పుట్టపర్తి సత్యసాయిబాబా పేరిట పసిఫిక్ దీవుల పిల్లలకు ఉచితంగా గుండెచికిత్స అందించాలన్న సంకల్పంతో 2022లో సువాలోనే ఆసుపత్రి ప్రారంభమైంది. ఒక ఒడ్డున చేసిన సేవకు మరో ఒడ్డు నుంచి బదులు అందడమంటే ఇదే.

మీ దానం ఎవరికి చేరాలి?

ఇప్పుడు మన ఇళ్ల సంగతికి వద్దాం. పలనాడు బిడ్డలు ఎందరో నేడు విదేశాలలో స్థిరపడ్డారు. సంక్రాంతికి వచ్చినపుడు స్వామి దర్శనం చేసుకుని, "ఏదైనా అనాథాశ్రమానికి సాయం చేద్దామనుకుంటున్నాం స్వామీ, ఏం చేయమంటారు?" అని అడుగుతారు. ఆ బుద్ధి పుట్టడమే పుణ్యం. వారికి చెప్పే మాటలనే మీకూ చెబుతున్నాను.

మొదటిది. మీ బిడ్డ పుట్టినరోజును ఆశ్రమంలో జరిపితే సంతోషమే. కాని కేకు కోసేది మీ బిడ్డ, చప్పట్లు కొట్టేది ఆ పిల్లలు. మరునాడు మరొకరి పుట్టినరోజుకు మళ్లీ చప్పట్లు కొట్టేదీ వారే. వారి పుట్టినరోజు ఎప్పుడని అడిగారా? ఆ పిల్లల ఫోటోలు తీసి నలుగురికీ పంపడం తగదు. సంరక్షణ అవసరమైన బాలలను గుర్తుపట్టే వివరాలు బయటపెట్టడాన్ని 2015 నాటి బాలల న్యాయచట్టం నిషేధించింది. దానం చేసిన చేయి కనిపించకపోతే దానానికి లోటు లేదు. తీసుకున్న బిడ్డ ముఖం కనిపిస్తే ఆ బిడ్డకు లోటు.

రెండవది. సెలవులలో వచ్చి రెండు వారాలు సేవ చేసి వెళ్లే యువతీయువకులున్నారు. వారి మనసు మంచిదే. అయితే పసిబిడ్డ పదిరోజులలో అక్కా అని అల్లుకుపోతాడు. పదకొండవ రోజున ఆ అక్క విమానం ఎక్కుతుంది. అప్పటికే ఒకసారి విడిచిపెట్టబడిన బిడ్డకు అది మరో ఎడబాటు. ఇటువంటి పర్యటనల వల్ల పిల్లలకు కలిగే హానిని 2019లో ఐక్యరాజ్యసమితి సర్వసభ్యసభ తీర్మానం కూడా ఎత్తిచూపింది. సేవ చేయదలచినవారు పిల్లలను ముద్దుచేసి వెళ్లేకంటే, అక్కడి సిబ్బందికి తమ విద్యను నేర్పడం, పెద్ద పిల్లలకు దూరం నుంచైనా ఏళ్ల తరబడి చదువు చెప్పడం మేలు.

మూడవది, అన్నిటికన్నా ముఖ్యమైనది. దాతలు గదులు కట్టిస్తారు, ఫ్యాన్లు ఇస్తారు, పేర్లు చెక్కిస్తారు. ఆయమ్మ జీతానికి ఇచ్చే దాత అరుదు. జీతం చాలక ఆమె ఏడాదికే వెళ్లిపోతే, గోడలు నిలుస్తాయి, తల్లి మారిపోతుంది. మీరిచ్చే దానిలో ఒక భాగం పిల్లలను సాకేవారి జీతానికి అని చెప్పి ఇవ్వండి. మీ పేరు ఏ గోడ మీదా ఉండదు. ఒక బిడ్డకు మాత్రం రాత్రి జ్వరం వస్తే, నిన్నటి చేయే నుదుటి మీద ఉంటుంది.

నాలుగవది. ఆశ్రమాలలో ఉన్న పిల్లలందరూ తల్లిదండ్రులిద్దరినీ కోల్పోయినవారు కారు. ఎందరికో తల్లి ఉంటుంది, అమ్మమ్మ ఉంటుంది. లేనిది బియ్యం, బడి ఖర్చు. ఆ బిడ్డను తన మనుషుల దగ్గరే ఉంచి పోషించడం ఆశ్రమంలో చేర్చడం కన్నా ఉత్తమం. ఇందుకోసమే మిషన్ వాత్సల్య పథకంలో అర్హులైన పిల్లలకు నెలకు 4,000 రూపాయల సాయం ఏర్పాటైంది. జిల్లా బాలల సంరక్షణ విభాగంలో దరఖాస్తు చేసుకోవాలి. మీ వీధిలో అటువంటి అవ్వ ఉంటే, ఆ కాగితాలు నింపి, వెంట వెళ్లి ఇప్పించండి. ఆపదలో ఉన్న బిడ్డ కనిపిస్తే 1098కి ఫోన్ చేయండి. సంతానం కోరేవారు మధ్యవర్తులను నమ్మకుండా, చట్టప్రకారం కేంద్ర దత్తత సంస్థ ద్వారానే దత్తత తీసుకోండి. శునశ్శేపుణ్ణి కొన్నది నూరు గోవులకు. బిడ్డను కొనడం ఆనాడూ పాపమే, నేడూ పాపమే.

విదేశాలలోని వారికి మరో సూచన. భారత పౌరులుగా ఉన్నవారు బ్యాంకు ద్వారా పంపే సొంత సంపాదనను చట్టం విదేశీ విరాళంగా లెక్కించదు. ఆ దేశపు పౌరసత్వం తీసుకున్నవారు మాత్రం విదేశీ విరాళాల నియంత్రణ చట్టం కింద నమోదైన సంస్థలకే ఇవ్వాలి. ఏ ఆశ్రమానికి ఇచ్చినా, బాలల న్యాయచట్టం కింద దానికి నమోదు పత్రం ఉన్నదో లేదో అడగండి. అడగడం అనుమానం కాదు, బాధ్యత.

2021లో కరోనా వేళ తల్లిదండ్రులిద్దరినీ కోల్పోయిన బిడ్డల పేరిట ప్రభుత్వాలు లక్షల రూపాయల నిధులు ప్రకటించాయి. అవసరమైన పనే. కాని నిధి బ్యాంకులో పెరుగుతుంది, బిడ్డ ఇంట్లో పెరగాలి. ఆ ఇల్లు కావలసినవారం మనమే.

ఆ తిరునాళ్ల రోజు నుంచి నేను ఒక అలవాటు మార్చుకున్నాను. పిల్లలు గుంపుగా వస్తే గోత్రం అడగను. "మీ పేర్లు చెప్పండి నాయనా" అంటాను. సంకల్పంలో కాశ్యప గోత్రమని నేనే చెబుతాను. ఆ ఆయమ్మ వచ్చిన రోజున మాత్రం ఆమె గోత్రమే చెబుతాను. ఆమె అడగకముందే పిల్లలంతా కలిసి బిగ్గరగా ఆ గోత్రం చెబుతారు.

చెన్నకేశవస్వామి దయవల్ల, ఆ గోత్రం చెప్పగల పిల్లల సంఖ్య పెరగాలని కాదు, అది చెప్పనిచ్చే పెద్దల సంఖ్య పెరగాలని కోరుకుందాం. శుభం భూయాత్.